నర్సవ్వ పెద్దమ్మ చక్కెర పళ్లెం

నర్సవ్వ పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది లలితక్క. కామత్‌ఘర్‌లో మేముండిన ఒంటిగదుల చాళీలో ఆనాటివాళ్లలో ఇప్పటికీ మిగిలింది ఆమె ఒక్కతే. కనేరి దాకా షేర్ ఆటోలో వచ్చి, మా బిల్డింగు మెట్లెక్కి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "పద్మా, పెద్దమ్మ లేదే ఇగ" అన్నది. అప్పటికి నా వేళ్లనిండా నిమ్మతొక్క వాసన. ఆ పొద్దున చక్కెరలో నిమ్మతొక్క నలిపి, స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, పాత కోరా గుడ్డముక్క ఒకటి మీద కప్పి, దేవుడి గూటి పక్కన నీడలో ఆరబెట్టాను. దీపం వెలిగించి కళ్లు మూసుకున్నప్పుడు ఆ పళ్లెం అదిరింది. ఒకసారి, కాస్త ఆగి మరోసారి. కళ్లు తెరిస్తే ఏ కదలికా లేదు. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. మా బిల్డింగు దరిదాపుల్లో ఒక్క సాంచ లేదు, చుట్టూ గోదాములే. పై అంతస్తులో ఎవరో బరువు దించి ఉంటారనుకుని దండం పెట్టుకుని లేచాను. లలితక్క వచ్చింది మధ్యాహ్నం.

పెద్దమ్మను మీలో ఎవరూ చూసి ఉండరు. ఆమె మా మరమగ్గాల ఊరు భివండి దాటి ఎక్కడా పేరు పొందిన మనిషి కాదు. పొట్టిగా, కాస్త ముందుకు వంగి నడిచేది. జుట్టులో ఎప్పుడూ దూదిపోగులు చిక్కుకుని ఉండేవి, ఏది నెరుపో ఏది దూదో తెలిసేది కాదు. వయసులో ఉన్నప్పటినుంచీ సాంచల పక్కన కూర్చుని కండెలు చుట్టీ చుట్టీ చెవులు పోగొట్టుకుంది. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఒకరోజు గుసగుసలాడినట్టు మాట్లాడేది, మరోరోజు గల్లీ చివరిదాకా వినపడేది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేది. అదేమీ వింత కాదు మాకు. కార్ఖానాలో ఆ చప్పుడు మధ్య అందరూ పెదవులతోనే మాట్లాడుకుంటారు. మా బాపు కూడా ఇంటికొచ్చి అమ్మతో గొంతు లేకుండా నోరు కదిపేవాడు. అమ్మకు కోపమొచ్చేది.

ఆమె ఉండే గది, ఆ ఖోలీ, సరిగ్గా కార్ఖానా మీద ఉండేది. కింద నాలుగు సాంచలు, పైన చెక్కలు పరిచిన నేల, ఎక్కడానికి నిటారు ఇనుప మెట్లు. తలుపు కొడితే ఆమెకు వినపడదు కదా, అందుకని గడపలో ఉన్న చెక్కను కాలితో రెండుసార్లు తొక్కాలి. అదీ ఆ ఇంటికి పిలుపు. ఆ అదురు చెక్కల వెంట పోయి, ఆమె కూర్చున్నచోట కాళ్లకు తగిలేది. లేదా ముందున్న పళ్లెంలో చక్కెర ఎగిరేది. ఆమె తల తిప్పకుండానే, "లోపలికి రా పద్మా" అనేది. నేనని ఎట్లా తెలిసిందని అడిగితే, "నువ్వు తొక్కితే పిల్లి దుంకినట్టుంటది, మీ అమ్మ తొక్కితే బస్త ఏసినట్టుంటది" అని నవ్వేది. ఆ మాట అమ్మకు చేరవేసి నేను దెబ్బలు తిన్నాను.

ఆ ఇంట్లో పళ్లెం లేని మూల ఉండేది కాదు. పెద్దమ్మ వాసన చక్కెరలు చేసేది. మన ఇళ్లలో పప్పూ ఉప్పూ ఎట్లా ఉంటాయో ఆమె గూట్లో అవి అట్లా ఉండేవి. యాలకుల గింజలు పాయసానికి వాడుకుని, పొట్టు పారేయకుండా ఎండబెట్టి, చక్కెరలో పాతిపెట్టి, రోజూ సీసా కుదిపేది. గుడి దగ్గర పూలమ్మే ఆమె ఇచ్చిన గులాబీ రేకులు నీడలో కరకరలాడేదాకా ఆరనిచ్చి, చక్కెరతో పొరలు పొరలుగా వేసేది. మల్లెలైతే పలచని గుడ్డలో మూటకట్టి చక్కెర మీద రాత్రంతా ఉంచి, తెల్లారి తీసేసేది. పువ్వు పోయినా దాని వాసన చక్కెరలో ఉండిపోయేది. నిమ్మతొక్కయితే పసుపు వరకే గీరాలి, తెలుపు తగిలితే చేదు. దాన్ని చక్కెరతో వేళ్లమధ్య తడి ఇసుకలా అయ్యేదాకా నలిపి, పలచగా పరిచి ఆరబెట్టాలి. ఆరేటప్పుడు గడ్డ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. భివండి వానాకాలంలో అది ఒక పెద్ద తపస్సు. చీమలు రాకుండా సీసాలో రెండు లవంగాలు. కింద పని ముగించుకుని, గొంతునిండా దూది పట్టి దగ్గుకుంటూ పైకి వచ్చినవాళ్లకు ఆ చక్కెరతో చాయ్ పోసేది. పాలు తాగనని మొండికేసే పిల్లలకు గులాబీది. కాన్పైన ఇంటికి శొంఠి కలిపినది. ఏది చేసినా సీసాలో పోసే ముందు ఒక చిటికెడు రాజన్న దేవుడి పటం ముందు పెట్టేది. ఆ అలవాటు నాకు ఆమె నుంచి వచ్చిందే.

నాకు చిన్నతనంలో ఉబ్బసం. మరాఠీ బడిలో వేశారుగానీ పోయిన రోజులకంటే మానిన రోజులే ఎక్కువ, ఆఖరికి మానిపించారు. పగలంతా దగ్గుకుంటూ ఇంట్లో తిరిగే నన్ను పెద్దమ్మ తన ఖోలీకి పిలిపించుకుంది. దూది రాకుండా కిటికీకి తడిగుడ్డ కట్టి, నా ముందు చక్కెర పళ్లెం పెట్టింది. "ఎట్లయిన కలపాలె గద, ఊకె కలుపుడెందుకు, రాసుకుంట కలుపు" అన్నది. నా వేలు పట్టుకుని అ రాయించింది. ఆమె చిన్నప్పుడు ఊళ్లో వాళ్ల నాయన భజనలకు పోతూ, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన అక్షరాలవి. నేను రాసి తల ఎత్తేలోపే కింద సాంచల అదురుకు చక్కెర పాకి అక్షరం పూడిపోయేది. నేను ఏడ్చాను. ఆమె నా నుదురు మీద వేలు పెట్టి, "గది పోతది బిడ్డా. పోతదని తెలిసే రాయాలె. గీడ ఉంచుకో" అన్నది. అట్లా పలకా బలపం లేకుండా, కంటి ముందు చెరిగిపోతున్నదాన్ని లోపల నిలుపుకుంటూ నేను చదువు నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ తల్లి పెట్టిన భిక్షే.

అయితే ఆ ఖోలీలో ఒక మూలన మాత్రం అక్షరం నిలిచేది. కిటికీవైపు మూల. దాని కిందనే నాలుగో సాంచ ఉండేది, అది నడిచేది కాదు. దాని మీద పనిచేసింది పెద్దమ్మ భర్త ఓదేలు పెద్దబాపు. నేను పుట్టకముందే ఆయన ఆ సాంచ పక్కనే గోడకానుకుని కూర్చుని, కూర్చున్నట్టే పోయాడట. ఆ చప్పుడులో ఎవరికీ తెలియలేదు. మనిషి పోయినా సాంచ ఆగలేదు. కండెలో దారం అయిపోయేదాకా తనంతట తాను నేసుకుంటూ పోయింది. అది ఆగినప్పుడుగానీ పక్కసాంచ మీదున్న మా బాపు తిరిగి చూడలేదు. చూసేవాడు లేకుండా నేసిన ఆ కాస్త గుడ్డలో ఒక్క పోగు తెగలేదని, ఒక్క మచ్చ లేదని బాపు చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా చేతులు రుద్దుకునేవాడు. సేటు ఆ ముక్కను కత్తిరించి పెద్దమ్మకు ఇచ్చాడు. ఆ తర్వాత ఆ సాంచ మీద నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. దాన్ని తిప్పే పట్టా, దారం పోసే నాడె తీసి వేరే సాంచలకు వేసుకున్నారు. ఆ కోరా ముక్కే పెద్దమ్మ ఆ మూలలో పళ్లెం మీద కప్పేది.

మా పెద్దవాళ్ల తరంలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. ఎవరైనా అడిగితే పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. నేను గుణింతాలు దాటి పేర్లు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, పెద్దమ్మ ఆ మూల పళ్లెం నా ముందుకు జరిపి, కాస్త సిగ్గుపడుతూ, "మీ పెద్దబాపు పేరు రాయి. సూస్త" అన్నది.

అది వారానికోసారి కరెంటు బంద్ ఉండే రోజు. ఆ రోజు కామత్‌ఘర్ మొత్తం చచ్చిపోయినట్టుండేది. బయటివాళ్లు నమ్మరుగానీ సాంచలు ఆగితే మా చాళీలో పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. పెద్దవాళ్లు అలవాటుకొద్దీ అరుచుకుంటూ మాట్లాడి, తమ గొంతు తమకే వినపడి ఉలిక్కిపడేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో నేను ఓదేలు అని రాశాను. మిగతా పళ్లాల్లో చక్కెర ఎట్లా పరిచింది అట్లా ఉంది. నా ముందున్న పళ్లెంలో మాత్రం మొదటి అక్షరం అంచు కరగడం మొదలైంది. ముందు ఒక గింజ జారింది. తర్వాత నాలుగు. చూస్తుండగానే ఓ పూడింది, దే పూడింది, లు పూడింది. అక్కడితో ఆగలేదు. చక్కెర మెల్లగా జరిగి సన్నసన్నని గీతలుగా నిలబడింది, ఒకదాని పక్కన ఒకటి, నేసిన గుడ్డలో పోగుల్లాగా.

నేను పెద్దమ్మ ముఖం చూశాను. భయపడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొత్తపెళ్లికూతురిలా నవ్వుతున్నది. "పేరు రాస్తే సిగ్గు. ఎప్పటికీ గంతే మనిషి" అన్నది.

నేను మెట్లు ఎట్లా దిగానో తెలియదు. బాపును లాక్కొచ్చాను. ఆయన పక్క కార్ఖానాలో డీజిల్ నీళ్ల మోటరు అనుకుంటూ, రోడ్డు మీద ట్రక్కు అనుకుంటూ పైకి వచ్చి, పళ్లెం మీదికి వంగి, చాలాసేపు చూసి, "నాలుగో సాంచ" అన్నాడు. ప్రతి సాంచకూ ఒక నడక ఉంటుందని, నేత చూసి ఏ సాంచదో చెప్పవచ్చని ఆయనే నాకు చెప్పి ఉన్నాడు. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడు అడిగినా తాను ఆ మాట అనలేదనేవాడు. మోటరే అనేవాడు. కానీ ఆనాటి నుంచీ కింద ఆ మూలకు పోవాల్సి వస్తే చెప్పులు విడిచి పోయేవాడు.

అమ్మ నా నుదుట విభూతి పెట్టి కొన్నాళ్లు పైకి పోనివ్వలేదు. నాకూ పోబుద్ధి కాలేదు. మూసిన కళ్లకు ఆ గీతలే కనిపించేవి. ఒక సాయంత్రం పెద్దమ్మే గ్లాసులో వేడిపాలు, మరో చేతిలో యాలకుల చక్కెర సీసా పట్టుకుని మా ఇంటికి దిగివచ్చింది. మా గడపను రెండుసార్లు తొక్కి, నవ్వి, నా పక్కన కూర్చుంది. పాలల్లో చక్కెర కలుపుతూ, ఆ రోజు గొంతు బాగా తగ్గించి అడిగింది.

"భయపడ్డవా?"

తల ఊపాను.

"బతికినన్ని దినాలు నన్ను ఒక్క మాట అనలె బిడ్డా. గసువంటోడు సచ్చినంక ఏమంటడు?"

ఆ పాలు తాగాను. చీకటికి, శ్మశానానికి, ఒంటరి ఇంటికి నేను భయపడకపోవడానికి కారణం ఆ గ్లాసెడు పాలే. తెల్లారి మళ్లీ పైకి పోయి, గడప తొక్కి, ఆ మూలనే కూర్చున్నాను. అక్షరాలు కొన్ని రోజులు నిలిచేవి, కొన్ని రోజులు నిలిచేవి కావు. నిలవని రోజున పెద్దమ్మ ఇంకో గ్లాసు చాయ్ పెట్టి ఆ పళ్లెం పక్కన ఉంచేది, అంతే.

నా పెళ్లయి కనేరికి వచ్చాక కూడా వీలైనప్పుడల్లా పోయేదాన్ని. ఒకసారి పోయేసరికి పెద్దమ్మ అక్క కొడుకు మల్లేశం ఊరినుంచి వచ్చి కూర్చుని ఉన్నాడు. సేటు పాత సాంచలన్నీ తుక్కుకు ఇచ్చేస్తున్నాడు, కార్ఖానా గోదాము అవుతుంది, పైన ఖోలీ ఉండదు. మల్లేశం మంచివాడు. చిన్నమ్మను తన ఇంట్లో పెట్టుకుంటానని, తన భార్య సుజాత గది కూడా సర్దిందని చెప్పాడు. పెద్దమ్మ అతని పెదవులు చూసి ప్రతి మాటా పట్టుకుంది. రానన్నది. "ఊళ్లె గూడ చక్కెర దొర్కుతది చిన్నమ్మా" అని అతను నవ్వించబోయాడు. ఆమె నవ్వింది కూడా. తర్వాత నావైపు తిరిగి, అతనికి అర్థం కాదన్నట్టు నాతో చెప్పింది.

"నేను పోతె ఆయన గీడికే అస్తడు. తొక్కుతడు. తలుపు ఎవలు తీస్తరే పద్మా?"

ఆమెకున్న భయం అదొక్కటే. ఖోలీ పోతుందని కాదు, ఊళ్లో ఎట్లా ఉంటానని కాదు. తాను లేకపోతే ఆయన దారి తప్పుతాడని. మల్లేశం తల వంచుకున్నాడు. ఇంటికి వచ్చి దీపం ముందు కూర్చుని, స్వామీ, చనిపోయినవాళ్లకు కూడా అడ్రసు చెప్పే దారి ఏదైనా ఉంటే ఆమెకు చూపించు తండ్రీ అని వేడుకున్నాను. నవ్వకండి. నేను మనస్ఫూర్తిగానే అడిగాను.

సాంచలు విరగ్గొట్టిన రోజున నేను ఆమె దగ్గరే ఉన్నాను. పెద్దమ్మ ఇంట్లో ఉన్న పళ్లాలన్నీ దించి, సీసాలన్నీ వంచి, నేలంతా పరిచిన ఆ పళ్లాల్లో చక్కెర పోసింది. గులాబీ, మల్లె, యాలకులు, నిమ్మ అన్నీ కలిసి ఆ ఖోలీలో ఒక పెళ్లి వాసన. కింద సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా అన్ని పళ్లాలూ ఒక్కసారి ఎగిరేవి. మొదటిది, రెండోది, మూడోది అయ్యాయి. నాలుగోదాన్ని ఆఖరున విప్పారు. ఇనుమంతా ట్రక్కులో వేసుకుని పోయారు. తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది నేను మళ్లీ వినలేదు. పెద్దమ్మ కిటికీ మూల పళ్లెం మీద గుడ్డ తీసింది. చక్కెర చదునుగా ఉంది. ఒక్క గీత లేదు. ఆమె వంగి వంగి చూసింది. ఆఖరుకు నా ముఖం చూస్తూ, "నీకేమన్న ఇనస్తందా?" అని అడిగింది.

నిజం చెప్పాను, ఏమీ వినపడటం లేదన్నాను. కానీ ఆమె ముఖం చూడలేక పళ్లెం అంచు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి తియ్యలేకపోయాను. వేళ్లలోకి సన్నగా ఒక అదురు ఎక్కుతున్నది. మెడ మీద చెయ్యి వేస్తే నాడి తగులుతుంది చూశారా, అట్లా. ట్రక్కు పోయి చాలాసేపైంది. పెద్దమ్మా, చేతికి తెలుస్తున్నది అన్నాను. ఆమె తన చెయ్యి నా చెయ్యి మీద పెట్టింది. కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి, గొంతు లేదు. కార్ఖానాలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నది. నేను పెదవులు చదవగలను. ఊరి పేరు చెప్పింది. బస్సు ఎక్కడ దిగాలో చెప్పింది. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో చెప్పింది. చెప్పి, కళ్లు తెరిచి, "చెప్పిన. అస్తడో రాడో" అన్నది. అప్పుడు ఆ కోరా గుడ్డను పళ్లతో అంచు కొరికి, రెండుగా చింపి, ఒక ముక్క నాకిచ్చింది. ఇన్నేళ్ల గుడ్డ, అంత శబ్దం చేస్తుందనుకోలేదు.

ఊరినుంచి ఆమె కబుర్లు సుజాత ఫోనులో వచ్చేవి. చిన్నత్త బాగుంది, అన్నం తింటున్నది, ఇక్కడా చక్కెర చేస్తున్నది, నారింజ తొక్కతో చేస్తే పిల్లలు వదలడం లేదు అని చెప్పేది. చివరన ఎప్పుడూ ఒక మాట. "పద్మక్కకు చెప్పుమన్నది, రాలేదంట ఇంకా." ఎవరు రాలేదో సుజాతకు తెలియదు. నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ ఒక్క మాట కోసమే నేను ఫోను ఎత్తేదాన్ని, ఆ ఒక్క మాట వినలేకే పెట్టేసేదాన్ని. ఎన్ని దీపాలు పెట్టానో స్వామికి తెలుసు.

ఆ మధ్యాహ్నం లలితక్కను కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఎట్లా పోయిందక్కా అని అడిగాను. సుజాత నాకు చెప్పలేక తనకు ఫోను చేసి చెప్పిందంతా ఆమె చెప్పుకొచ్చింది. జ్వరమేమీ లేదు. పొద్దున దేవుడి పటం ముందు చిటికెడు చక్కెర పెట్టి, పళ్లెం ముందేసుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నదట. సుజాత పొయ్యి దగ్గర ఉంది. ఇల్లంతా నిమ్మళంగా ఉంది. పెద్దమ్మ ఉన్నట్టుండి తల ఎత్తి, గల్లీ అంతా వినపడేంత గొంతుతో కోపం చేసిందట.

"సుజాతా, తలుపు తియ్యరాదే. మనిషి రెండుసార్లు తొక్కె. ఎంతసేపు నిలవెడ్తరు బయట?"

సుజాత పోయి తలుపు తీసింది. వాకిట్లో ఎవరూ లేరు. ఎవరూ లేరు చిన్నత్తా అని చెప్పడానికి వెనక్కి తిరిగితే, పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, కూర్చున్నట్టే ఉందట. తన దగ్గరున్న గుడ్డముక్కనే ముఖం మీద కప్పి సాగనంపబోతున్నారట. పళ్లెంలో చక్కెర ఎట్లా ఉందో సుజాత చూసిందా అని అడిగాను. అది అప్పుడే సీసాలో పోసేసిందట. ఇల్లు కడగాలి కదా అన్నది లలితక్క.

నేను లేచి దేవుడి గూటి దగ్గరికి పోయాను. లలితక్క నా వెనకే వచ్చింది. పొద్దున రెండుసార్లు అదిరిన పళ్లెం మీది గుడ్డ ఎత్తాను. నేను చదునుగా పరిచిన చక్కెర ఈ అంచు నుంచి ఆ అంచుదాకా సన్నని గీతలుగా నిలబడి ఉంది, ఒక్క పోగు తెగకుండా. లలితక్క భర్త కూడా సాంచల మనిషే. ఆమె ఆ నేత చూసింది. ఇంట్లోకి పెద్దమగమనిషి వచ్చినప్పుడు లాక్కున్నట్టు కొంగు తల మీదికి లాక్కుని, ఒక అడుగు వెనక్కి జరిగి దారి ఇచ్చింది.

నా గూట్లో యాలకుల చక్కెర, గులాబీ చక్కెర, నిమ్మ చక్కెర ఎప్పుడూ ఉంటాయి. వానాకాలంలో కూడా గడ్డ కట్టనివ్వను. చెరిగిపోయేదాన్ని లోపల ఉంచుకోవడం నాకు తెలుసు, గడప తొక్కినవాళ్లను బయట నిలబెట్టకూడదనీ తెలుసు. ఈ రెండూ ఆమె ఇచ్చినవే. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఎప్పుడైనా పళ్లెంలో చక్కెర ఆరబెడితే, కలిపే ముందు ఒక్కసారి చెయ్యి ఆపి, వేలితో నర్సవ్వ అని రాయండి. అది నిలవదు. పూడిపోయేదాకా చూస్తూ ఆమెను తలుచుకోండి.